ఉయ్యాల బొంతకు నాలుగో పక్క

మా అత్త పోయిందన్న కబురు వచ్చేసరికి నేను ఎమ్మిగనూరు బజారులో దారం కొంటున్నాను. ఆదోని నుంచి మా చెల్లెలు, ముగ్గురిలో రెండోది, ఫోన్ చేసింది. "అక్కా, టీ తీసుకపోయి పిలిస్తే అత్త లేయలేదక్కా" అంది. నా చేతిలో తెల్ల దారపు ఉండ ఉంది. "ఇంకేం కావల్ల మేడం?" అని అంగడాయన అడుగుతున్నాడు. ఏమీ వద్దని తల ఊపాను. ఆ ఉండ అత్త కోసం కొన్నదే. మరునాడు ఆదివారం. ఆరాధన అయ్యాక ఆదోని బస్సెక్కి, ఆమె పక్కన కూర్చుని, చేతికి సూది ఇచ్చి ఒక మాట చెప్పాలనుకున్నాను.

అత్త మా నాన్నకు చెల్లెలు. పెళ్ళయిన కొద్ది కాలానికే భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆదోనిలో పత్తి మిల్లులో పనిచేసి ఒంటరిగా బతికింది. చేతకానప్పటి నుంచి మా రెండోదాని ఇంట్లో, వెనక గదిలో ఉండేది. మా అమ్మ జబ్బుతో ఆసుపత్రి మంచం మీద ఉన్న రోజుల్లో మమ్మల్ని ముగ్గురినీ చూసుకున్నది ఈమే. మిల్లు నుంచి వచ్చేసరికి తల మీద, రెప్పల మీద దూది నూగు ఉండేది. మా చిన్నది చేత్తో దులపబోతే, "ఉండనీమ్మీ, ఈ దూది ఉత్తపున్నానికి నన్ను ముసలిదాన్ని జేసింది, సూసుకోనీ" అని అద్దం ముందు నిలబడేది. అమ్మ ఇంట్లో లేని దిగులులో కూడా మేం నవ్వేవాళ్ళం.

బొంత కుట్టడం ఆమె నేర్పిందే. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, పైన రంగుల ముక్కలు పేర్చి, అంచు నుంచి లోపలికి వరస తర్వాత వరస కుట్టుకుంటూ పోవడమే బొంత. చెప్పుకుంటే ఇంతే. ఆమె కాడ పద్ధతులు వేరే ఉండేవి. దారాన్ని చర్చిలో కాలి మిగిలిన కొవ్వొత్తి ముక్కకు రాసి గాని సూదిలో ఎక్కించేది కాదు. ఎడమ కాలు చాపి కూర్చునేది. సూదిని జాకెట్టు చేతికి గుచ్చుకుని మరిచిపోయేది, ఇల్లంతా వెతికించేది. నేను మొదటి వరస కుట్టి చూపించిన రోజున, "కండ్లు మూసుకో పెద్దమ్మీ" అంది. యాభై దాటినా ఆమెకు నేను పెద్దమ్మినే. నా వేళ్ళను కుట్టు మీద నడిపించింది. "ఈడ పొడుగైంది. ఈడ దారం బిగిసింది. తెలుస్తాందా? కుట్టును కండ్లతో జూడొద్దు. కండ్లు మొగమాటపడ్తాయి." ఆ పాఠం మా ముగ్గురిలో నాకే బాగా పట్టుబడింది. ఇప్పుడు తలుచుకుంటే అదే నన్ను ఎక్కువ బాధ పెడుతోంది.

ఏటా ఒక శని, ఆదివారాలు మా ఇంట్లో బొంతల కూడిక పెట్టుకుంటాం. అత్త పెట్టిన అలవాటే. ఆదోని నుంచి రెండోది అత్తను తీసుకుని వస్తుంది, హొళగుంద నుంచి చిన్నది వస్తుంది. మా వీధిలోని మగ్గాల ఇంటి కోడలు, చర్చి మహిళా కూటంలో నా తోటివాళ్ళు ఇద్దరు వస్తారు. టీవీ పెట్టం. హాల్లో సామాను జరిపి చాపలు పరుస్తాం. పొద్దున ఉగ్గాని, బజ్జీలు. మధ్యాహ్నం జొన్నరొట్టె. వంట వంతులవారీగా. కుట్టేది తక్కువ, మాట్లాడేది ఎక్కువ.

ఈసారి కూడా అట్లాగే మొదలైంది. చిన్నది మెట్టింట్లో కన్నడం అలవాటై బొంతను కౌది అంటుంది. అత్త దాన్ని వదలదు.

"కౌది అంటే సలి ఆగుతాదామ్మీ? బొంత అంటేనే ఆగుతాది."

"మా అత్తగారింట్లో యాభై ఏండ్లుగా కౌదే కప్పుకుంటాండారు, ఎవురూ సావలేదు."

"వణుకుతాండారేమో అడిగినావా ఎప్పుడన్నా?"

మగ్గాల కోడలు నవ్వి నవ్వి సూది వేలికి గుచ్చుకుంది.

ఈ ఏడు పెద్ద బొంతలతో పాటు ఒక చిన్నది కూడా ఉంది. రెండోదాని కూతురు పురిటికి వచ్చింది. మా ఇళ్ళలో తొలి మనవ సంతానం. ఉయ్యాల బొంతను పుట్టింటి ఆడవాళ్ళు నలుగురు, తలా ఒక పక్క మొదలుపెట్టి కుట్టాలని అత్త మాట. అమ్మ లేదు కనుక, మేం ముగ్గురం, నాలుగో పక్క అత్త. శనివారం నాలుగు పక్కలా కూర్చున్నాం. అత్తకు చూపు బాగా మందగించింది. సూదిలో దారం చిన్నది ఎక్కించి ఇస్తోంది. కుడుతూనే ముక్క ముక్కనూ తడిమి చెబుతోంది. ఇది మీ అమ్మ పురిటి చీర. ఇది మీ నాన్న పంచె, ఎట్ల మెత్తబడిందో సూడు. ఇది నేను మిల్లులో తొలి జీతానికి కొన్న గళ్ళ చీర. ఆకుపచ్చ ముక్క దగ్గరికి వచ్చేసరికి వంటింట్లో కుక్కరు కూసింది, నేను లేచిపోయాను.

రెండోది నా వెనకే వంటింట్లోకి వచ్చింది. గొంతు తగ్గించి అంది. "అక్కా, అత్త పక్క జూసినావా? కుట్టు పాము పోయినట్ల పోతాంది. పిల్లను, బిడ్డను తీసుకపోయేదానికి వియ్యపురాలు వచ్చినప్పుడు దీన్ని విప్పి జూస్తాది. ఏమనుకుంటాదో."

"నేను చూసుకుంటాలే" అన్నాను.

చిన్నప్పటి నుంచి ఇంట్లో ఏది వచ్చినా ఆ మాట నాదే. చెల్లెళ్ళు ఆ తర్వాత ఇంకేమీ అడగరు.

ఆదివారం పొద్దున అందరూ ఆరాధనకు బయలుదేరారు. వంట ఉందని నేను ఆగిపోయాను. ఎప్పుడూ ఆగిందాన్ని కాను. గడప దగ్గర అత్త నా చెయ్యి పట్టుకుని, "నీ బదులు కూడా పాడొస్తాలే" అంది. వాళ్ళు వీధి మలుపు తిరిగాక ఉయ్యాల బొంత ఒళ్ళో పెట్టుకున్నాను. ఆమె వరసను సూదిమొనతో ఎత్తి, కత్తిరించి, దారం లాగేశాను. దానికి కాస్త పక్కగా, తిన్నగా, నా వరస వేశాను. లాగిన దారానికి కొవ్వొత్తి వాసన ఉంది. చర్చి నుంచి పాట వినపడుతూనే ఉంది.

తప్పు చేస్తున్నానని ఆ క్షణంలో అనిపించలేదు. ఆమెకు కనపడదు కదా అనుకున్నాను. వేళ్ళతో చూడడం నేర్పిన మనిషి గురించి అలా అనుకున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె తన చోట కూర్చుని కాలు చాపుకుంది. బొంత అంచు మీద చెయ్యి పెట్టింది. వేళ్ళు ఒకసారి ఇటు పోయాయి, మళ్ళీ అటు వచ్చాయి.

"పెద్దమ్మీ, ఈ పక్క నాది గదా?"

ఆమె గొంతులో అనుమానం లేదు, ఉత్త అడగడమే. అప్పుడు ఒక్కమాట చెప్పినా సరిపోయేది. విప్పినా అత్తా, తప్పయింది అంటే, రెండు తిట్లు తిట్టి, సూది ఇయ్యమ్మీ అని మళ్ళీ మొదలుపెట్టేది. చుట్టూ ఇంతమంది కూర్చున్నారు. నేను అన్నాను: "లేదత్తా, ఈ పక్క నేను కుట్టినా. నువ్వు నిన్న పెద్ద బొంత మీద కుట్టినావు."

రెండోది నా వైపు చూసి తల దించుకుంది.

"అట్లనా" అంది అత్త. అంచు మీంచి చెయ్యి తీసి, "అట్లనే ఉంటాదిలే. నువ్వు జెప్తే కాకుండా పోతాదా. నాకే మతి పోతాండాది" అంది. జాకెట్టు చేతికి గుచ్చుకున్న సూదిని తీసి తన కుట్టు డబ్బాలో పెట్టేసింది. ఆమె సూదిని డబ్బాలో పెట్టడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ సాయంత్రం మగ్గాల కోడలు ఆకుపచ్చ ముక్కను వేలితో తట్టి, "అవ్వా, ఇది ఎవురిది? మంచి నేత, మా పెద్దోళ్ళు నేసినట్ల ఉండాది" అని అడిగింది.

"నాకేం తెలుసమ్మా, మతి లేనిదాన్ని. పెద్దమ్మిని అడుగు" అంది అత్త.

నాకు తెలియదు. ముందురోజు ఆమె చెప్పినప్పుడు నేను అక్కడ లేను. రెండోది నా వెనకే వంటింట్లోకి వచ్చేసింది, చిన్నది మిగతావాళ్ళతో కౌది మీద నవ్వులాటలో ఉండి వినలేదు.

సోమవారం అత్తను బస్సెక్కించాను. కిటికీలోంచి, "ఉగ్గాని బాగుండాది, మిరపకాయలే ఎక్కువ" అంది. అలిగినట్టు ఏమీ లేదు. ఆ తర్వాత ఫోన్లో రెండోది చెప్పిన మాటలు మాత్రం ఒక్కొక్కటీ నాకు తగులుతూ వచ్చాయి. అత్త సూది ముట్టడం లేదంట. పొయ్యి ఆపిందో లేదో అని మూడుసార్లు లేచి చూసుకుంటోందంట. ఎవరన్నా పాత సంగతి అడిగితే, "నన్ను నమ్మొద్దు, నాకు మతి నిలవదు" అంటోందంట. డెబ్బై ఏళ్ళు దాటినా ఎవరి చీర ఏ రంగో చెప్పగలిగిన మనిషి. చూపు తగ్గింది వయసు వల్ల. తన మీద తనకు నమ్మకం తగ్గింది నా మాట వల్ల. ఒకరోజు ఫోన్లో నాతో, "బొంత అయిపాయెనా పెద్దమ్మీ? వరసలు సాపుగా వచ్చినాయా?" అని అడిగింది. "వచ్చినాయత్తా" అన్నాను. ఫోన్లో చెప్పే సంగతి కాదు, మనిషి ఎదుట చెప్పాలి అనుకుని ఊరుకున్నాను. ఒక ఆదివారం చుట్టాలొచ్చారు. ఇంకో ఆదివారం నడుము నొప్పి. ఆ శనివారం దారం కొన్నాను.

ఆదోనిలో సమాధి కార్యక్రమం అయ్యింది. మిల్లులో ఆమెతో పనిచేసిన ముసలివాళ్ళు కొందరు, ఆటోలో వచ్చి, మాకంటే ఎక్కువ ఏడ్చారు. పాస్టరుగారు ఆమె మంచితనం గురించి చెప్పి, పెద్దకూతురి లెక్కన నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. ప్రార్థన చేసి కూర్చున్నాను. ప్రార్థనలో కూడా నా సంగతి ఎత్తలేకపోయాను. అది దేవునికి చెప్పి ఊరుకునేది కాదు. చెప్పవలసిన మనిషి వేరే.

మరునాడు పొద్దున రెండోది పెరట్లో బక్కెట్టు దగ్గర కూర్చుని ఉంది. పసిబిడ్డకు వాడే గుడ్డ కదా, నేను వెంట తెచ్చిన ఉయ్యాల బొంత ఒకసారి జాడించి ఆరేద్దామని. బొంత బక్కెట్టులో ఉంది, చెంబు చేతిలో ఉంది.

"నీళ్ళు పోయొద్దు" అన్నాను.

పాత నూలు గుడ్డలో కుట్టు విప్పితే సూది రంధ్రాలు కొన్నాళ్ళు నిలుస్తాయి. ఒకసారి తడిస్తే పోగులు దగ్గరికి వచ్చి మూసుకుపోతాయి. అది కూడా అత్త చెప్పిందే. బొంతను బయటికి తీసి వెలుతురుకు పట్టాను. నా తిన్నని వరసకు పక్కగా, చుక్కలు చుక్కలుగా, ఆమె పోయిన దారి అట్లాగే ఉంది.

చెల్లెళ్ళిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. విప్పింది, ఆదివారం ఆగింది, ఆమె అడిగితే లేదన్నది, అన్నీ. రెండోదానికి సగం తెలుసు. "నేను వియ్యపురాలని అనబట్టే గదక్కా" అని ఏడ్చింది. "నువ్వు అనిందానికి కాదు. నేను చూసుకుంటా అన్నా గదా. చూసుకునింది ఇట్ల" అన్నాను. చిన్నది లేచి వెనక గదిలోకి పోయి అత్త డబ్బా తెచ్చింది. అందులో సూది ఉంది, అరిగిన కొవ్వొత్తి ముక్క ఉంది. నేను కొని సంచిలో తెచ్చిన ఉండలోంచి దారం తెంపి, కొవ్వొత్తికి రాసి, సూదిలో ఎక్కించి నా చేతిలో పెట్టింది.

"కుట్టక్కా. అత్త కుట్టినట్లే కుట్టు. వియ్యపురాలు అడిగితే నేను చెప్తాను."

ముందు నా వరస విప్పేశాను. గడపలో, ఎండ పడేచోట ఎడమ కాలు చాపుకుని కూర్చున్నాను. ఆమె వేసిన రంధ్రాల్లోనే సూది దించి, ఆమె తేల్చినచోటే తేలుస్తూ పోయాను. కొన్ని కుట్లు పొడుగు, కొన్ని పొట్టి. రంధ్రం దొరకనిచోట కళ్ళు మూసుకుని వేలితో తడిమాను. అమ్మ పురిటి చీర దాటాను. నాన్న పంచె దాటాను. గళ్ళ చీర దాటాను.

ఆకుపచ్చ ముక్క దగ్గర చుక్కలు అంచు విడిచి లోపలికి పోయాయి. అక్కడ అత్త తల పైకెత్తి ఉంటుంది. ఆ చీర ఎవరిదో మాకు చెబుతూ, మా ముఖాలు ఎటున్నాయో వెతుక్కుంటూ, చేతిని దాని మానాన వదిలేసి ఉంటుంది. చెల్లెళ్ళు చెరో పక్క కూర్చుని చూస్తున్నారు. సూదిని ఆ వంపు వెంటే పోనిచ్చాను. ఆకుపచ్చ ముక్కలోకి చాలా దూరం పోయి, అక్కడ ఒకచోట ఆగినట్టే ఆగి, దారం మెల్లగా మళ్ళీ అంచుకు వచ్చింది.