మూడేండ్లు ఒడిలో పెట్టుకున్న చెయ్యి

ప్రభువునందు నా సహోదరులారా, అమ్మలారా, ఈ కుప్పం సంఘంలో రవికెలు కుట్టే రత్నమ్మగా మీరందరూ నన్ను ఎరుగుదురు, కానీ ఈ కుడిచెయ్యి ఒకప్పుడు మూడేండ్లు ఒడిలో పడి ఉండిందని శానామందికి తెలీదు.

పుంగనూరులో ఉండగా నాకు పక్షవాతం వచ్చింది. కాలు తొందరగానే బాగైంది, చెయ్యి రాలేదు. కొంచెం కొంచెంగా వాడితే వస్తాదని డాక్టరు చెప్పినా నేను వినలేదు! మిషను కుట్టిన చేత్తో చెంబు కూడా ఎత్తలేక ఒలకబోసుకుంటే నలుగురూ సూస్తారని సిగ్గు. దేవుడే ఒక్క దినాన బాగు చేయాల, అంతవరకు కదిలించనని ఆయన మీదే పంతం పట్టినాను. మా ఇంటాయన దావీదప్ప గోడలు కట్టే బేల్దారి పని చేసొచ్చి, సున్నానికి పగిలిన ఆ చేతులతోనే నాకు తల దువ్వి, జడేసి, సంగటి ముద్దలు నోట్లో పెట్టేవాడు. ఒక్కనాడు విసుక్కోలేదు. విసుక్కునింది నేనే, జడ వంకరగా ఉండాదని!

ఆయన పోరు పడలేక మదనపల్లి ఆస్పత్రికి పోతే, ఆడ చేతులకు కసరత్తు నేర్పే ఒకమ్మ మాత్రలేమీ ఇవ్వకుండా బల్లమీద నీళ్ళ గ్లాసు, దువ్వెన, తాళంచెవి, హుక్కుల రవికె పెట్టి, ఇంట్లో ఏ పని ఎవరు చేస్తారని ఒక్కొక్కటే అడిగింది.

"తల ఎవరు దువ్వుతారు?"

"నేనేమ్మా," అన్నాడు మా ఆయన.

"అన్నం?"

"నేనే."

"రవికె హుక్కులు?"

ఆయన తల దించుకుని, "అదీ నేనేమ్మా, ఆమెకు చెయ్యి రాదు గదా," అన్నాడు.

ఆయమ్మ నా వైపు తిరిగి, "రాదా, ఎత్తి సూడలేదా?" అనింది.

నాకు రోషమొచ్చి గ్లాసు పట్టుకున్నాను. చెయ్యి వణికింది, సగం నీళ్ళు ఒలికినాయి, అయినా లేచింది సహోదరులారా! మా ఆయన సంతోషంతో ఏడిస్తే నేను సిగ్గుతో ఏడ్చినాను. "తండ్రీ, చెయ్యి నువ్వు ఎప్పుడో ఇచ్చినావు, నేనే పుచ్చుకోలేదు, నా గర్వాన్ని తీసెయ్యి" అని ఆ బల్ల ముందరే ప్రార్థించినాను, ప్రభువు తీసేసినాడు, దేవునికే మహిమ!

దువ్వెన తలదాకా పోయేదానికి నెలలు పట్టింది. నేను సంగటి గెలికి మా ఆయనకు వడ్డించే దినం వచ్చేసరికి, సున్నం దుమ్ముకు ఆయనకు పట్టుకున్న ఆయాసం ముదిరిపోయి ఉండింది. ఆరు నెలలే వడ్డించినాను. మూడేండ్లు ఆయన చేతి ముద్ద తిని, ఆరు నెలలే! "యాల ఏడుస్తావు రత్నా, తింటాండాను గదా," అనేవాడు. ఆయన పోయినాక నేను మా చెల్లెలి దగ్గరికి ఈ కుప్పానికి వచ్చేసినాను.

దేవుడు నన్ను క్షమించినాడు, నమ్ముతాండాను. అయినా ఆ మూడేండ్లు తిరిగి రావు. మీరు అంత ఆలస్యం చేయొద్దండి. పూర్తిగా బాగైనాకే లేస్తామని కూర్చోవద్దు. వణికే చెయ్యినైనా ఈ దినమే ప్రభువు వైపు చాపండి, ఆయన పట్టుకుంటాడు. ఇంటికి పోయి, మీకోసం కష్టపడే మనిషికి మీ చేత్తో ఒక్క పూట వడ్డించండి. ఆమేన్.