ఆకుపచ్చ తేలేదాకా

తళతళలాడే కుళాయిని తిప్పేవాళ్ళెవరూ ఆ మెరుపు ఎక్కడిదని అడగరు. అది పెట్టే కార్ఖానా వెనక ఒక గొయ్యి ఉంది. కుళాయిలు కడిగిన ఆసిడ్ నీళ్ళన్నీ అందులోకే చేరతాయి. ఓ కప్ప ఒకసారి అందులోకి తొంగిచూసి, ఆ ఘాటుకి బతికినన్నాళ్ళూ తుమ్ముతూనే ఉందట. ఆ గొయ్యికి కాపలాదారు సున్నం మామ. పనిలో చేరిన కొత్తలో ఆయన జుట్టు నల్లగానే ఉండేది.

చెప్పడానికి పని చిన్నదే. గోతిలో సున్నం వెయ్యాలి, తెడ్డుతో తిప్పాలి, రంగు కాగితం ముంచి చూడాలి. ఎర్రబడితే ఆసిడ్ ఇంకా మిగిలినట్టు. నీలమైతే సున్నం ఎక్కువైనట్టు. ఆకుపచ్చగా తేలితే రెండూ ఒకదాని పొగరొకటి అణచుకుని ఉత్త ఉప్పూ నీళ్ళూ అయిపోయినట్టు. అప్పుడుగానీ తూము ఎత్తకూడదు. అవతల కాలవలో జనం బట్టలు ఉతుక్కుంటారు.

ఆ రోజు మామ మనసు గోతి దగ్గర లేదు. భార్యకి కంటి ఆపరేషనైంది. మధ్యాహ్నం కట్టు విప్పుతారు. రెండు కళ్ళకీ చూపు ఆనడం మానేసి ఏళ్ళయింది.

"కట్టు విప్పగానే ముందు నీ మొహమే కనపడాలి. ఆ నర్సమ్మ మొహం కనపడిందో, ఆవిడతోనే వెళ్ళిపోతా," అని ముందే బెదిరించింది ఆవిడ.

అందుకే మామ రోజూలా చారెడు చారెడు కాకుండా బస్తా ఎత్తి బోర్లించాడు. సున్నానికి కరగడమంటే మహా బద్ధకం. కాగితం ఎర్రగానే ఉంది. ఇంకో బస్తా కుమ్మరించాడు. కాసేపటికి మొదటిది కరిగి, రెండోది తోడై, కాగితం నీలంగా మారింది. తల బాదుకుని ఆసిడ్ పోశాడు. ఎరుపు. సున్నం. నీలం. మళ్ళీ ఆసిడ్. మళ్ళీ ఎరుపు. చివరికొచ్చాక చిన్న తేడాకే కాగితం ఆ గట్టు నుంచి ఈ గట్టుకి గెంతుతోంది.

మేస్త్రీ వచ్చి చూశాడు. "ఏంటి మావా, గోతితో చెడుగుడా? తూము ఎత్తేసి పో. ఎవడు చూడొచ్చాడు?"

"నీ చొక్కా ఎక్కడ ఉతుకుతార్రా?"

"కాలవలోనే."

"అయితే ఎత్తమంటావా?"

మేస్త్రీ చొక్కా ఒకసారి చూసుకుని లోపలికి పోయాడు.

మామకి ఇంకో బస్తా ఎత్తే ఓపిక లేదు. గట్టు మీద కూలబడి, ఊరికే కూర్చోలేక తెడ్డు తిప్పుతూ ఉన్నాడు. గడియారం వైపు చూడటం కూడా మానేశాడు. అడుగున ముద్దకట్టిన సున్నం మెల్లగా లేచి, మిగిలిన ఆసిడ్‌లో కరగడం మొదలుపెట్టింది. కాగితం నారింజకి దిగింది, పసుపుకి దిగింది, ఆఖరికి ఆకుపచ్చ తేలింది. తూము ఎత్తి, కాళ్ళీడ్చుకుంటూ బయల్దేరాడు.

ఆసుపత్రికి చేరేసరికి కట్టు విప్పేశారు. భార్య మంచం మీద కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది.

"కట్టు విప్పినప్పటి నుంచీ ఇదే వరస," అంది నర్సు. "డాక్టరుగారు రెప్ప పైకెత్తి టార్చి వేసి చూడాల్సొచ్చింది."

"టార్చిని చూశా. మొహాలు చూళ్ళేదు," అంది ఆవిడ. "అడుగుల చప్పుడు ఆయనదే. రా, ఎదురుగా నిలబడు."

"ఆగండి," అంది నర్సు. "ఒంటినిండా ఆ సున్నమేంటండీ? కడుక్కుని రండి, కంట్లో పడుతుంది."

మామ వెళ్ళి మొహం, తల, చేతులు రుద్ది రుద్ది కడుక్కుని వచ్చి నిలబడ్డాడు. ఆవిడ కళ్ళు తెరిచింది. చాలాసేపు చూసింది.

"ఇంకా తలమీద సున్నం ఉంది, సరిగ్గా కడుక్కోలేదు."

"కడుక్కున్నానే," అన్నాడు మామ. "అది సున్నం కాదు."