మా ముందు గది డాక్టరు గారు

మా ముందు గదిలో క్లినిక్ నడిపిన డాక్టరు గారు ఈమధ్యే కన్నుమూశారు. నిద్రలోనే పోయారు. ఒకరిచేత చేయించుకోలేదు, మంచాన పడలేదు. కబురు విని ఏడ్చాను. తరువాత దీపం వెలిగించి దండం పెట్టుకున్నాను. ఆయన అలాగే పోవాలనుకునేవారు.

ఆయనను తలచుకుంటే పోయిన ఏడాది ఒక మామూలు ఉదయం గుర్తొస్తుంది. చందానగర్‌లో మా ఇల్లు బజారుకు ఆనుకునే ఉంటుంది. నేను వాకిలి ఊడ్చి, ముగ్గు వేసి, పూజకు పూలు కోస్తున్నాను. బొంబాయి రోడ్డు మీద లారీల మోత మొదలైంది. హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే మా తమ్ముడు గేటు ముందుకు ఆటో తెచ్చాడు. అమ్మ చేతిలో సంచి. అందులో చీరలు, దుప్పటి, చెంబు, జపమాల.

అమ్మకు కొన్నాళ్ళుగా లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. డాక్టరు గారి క్లినిక్ ముందు గదిలోనే ఉన్నా చూపించుకోలేదు. తమ్ముడి ఆఫీసువాళ్ళు అమ్మకు కూడా ఇన్సూరెన్స్ చేయించారు మరి. అయితే ఆస్పత్రిలో చేరితేనే అది వర్తిస్తుంది. ఊరికే డాక్టరుకు చూపించుకుంటే పైసా రాదు. అందుకని మావాళ్ళు ఆస్పత్రిలో చేర్చడానికే సిద్ధమయ్యారు. జబ్బేమిటో మాత్రం ఇంకా తెలియదు.

అప్పుడే డాక్టరు గారు స్కూటరు దిగారు.

“ఏమ్మా, పొద్దున్నే సంచితో ప్రయాణం? తీర్థయాత్రకా?”

“దవాఖానల చేరుతున్న డాక్టర్ సాబ్.”

“అయ్యో, ఏం జబ్బండి?”

“అది వాళ్ళే చెప్తరట.”

ఆటో అతను పక్కున నవ్వాడు. తమ్ముడికి చిరాకొచ్చింది. “అడ్మిట్ అయితెనే ఇన్సూరెన్స్ నడుస్తది సార్. టెస్టులన్నీ అండ్లనే అయిపోతయి.”

“చేర్పించు బాబూ, కాదనను. ఈలోగా నేనొకసారి చూస్తే ఇన్సూరెన్స్ ఏం పోదు కదా?”

అమ్మను తన గదిలో బెంచీ మీద కూర్చోబెట్టి, “పొద్దున ఏం తిన్నారు?” అని అడిగారు. ఎవరినైనా ఆయన మొదట అడిగేది అదే. జ్వరంతో వచ్చినా, వేలు తెగి వచ్చినా అదే. కూర్చోబెట్టి బీపీ చూశారు, నిలబెట్టి చూశారు. సంచిలో మందులేమున్నాయో తీయమన్నారు. రెండు రకాల బిళ్ళలు బయటికి వచ్చాయి. ఒకటి ఆయన రాసిందే. రెండోది తమ్ముడి ఆఫీసులో ఉద్యోగుల ఇంటివాళ్ళ కోసం పెట్టిన హెల్త్ క్యాంపులో ఇచ్చింది.

“రెండూ వేసుకుంటున్నారా?”

“ఒకటి మీది, ఒకటి వాళ్ళది. ఎవరినీ నారాజ్ చెయ్యొద్దని రెండూ వేసుకుంటున్న.”

ఆయన కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. “రెండూ ఒకే బీపీ మందమ్మా, పేర్లే వేరు. బీపీ అంత పడిపోతే కళ్ళు తిరగక ఏం చేస్తాయండి? వాళ్ళది ఆపేయండి. వారం రోజులు రోజూ వచ్చి ఈ బెంచీ మీద కూర్చోండి. తగ్గకపోతే నేనే ఆటో ఎక్కిస్తాను.”

తగ్గింది. అమ్మ సంచి ఆ పూటే విప్పేసింది. జపమాల మళ్ళీ దేవుడి గూట్లోకి చేరింది. ఆటోలో తమ్ముడు ఆఫీసుకు వెళ్ళాడు.

ఆయనది కోస్తా. రైల్వే ఆస్పత్రిలో రిటైరై మా గదిలో క్లినిక్ పెట్టారు. మా పంపు దగ్గరే చేతులు కడుక్కుని, నీలం అంచు తువ్వాలు మా తీగ మీద ఆరేసేవారు. నా జుట్టు నెరిసినా నన్ను ‘పెద్దమ్మాయ్’ అనే పిలిచేవారు. నేను ఉపవాసాలుంటే కోప్పడేవారు. “దేవుడికి వేళకు నైవేద్యం పెడతావు. నీకెప్పుడు పెట్టుకుంటావు?”

ఇన్సూరెన్స్‌ను ఆయన ఎన్నడూ తప్పుపట్టలేదు. “మంచిదేనండి. పడిపోయాక లేపుతుంది. పడకుండా చూసేవాడు వేరే ఉండాలి,” అనేవారు. మా గల్లీకి ఆ చూసేవారు ఆయనే. “ఏమీ లేదు, వెళ్ళి పడుకోండి” అని ఆయన అంటే చాలు, సగం జబ్బు అక్కడే తగ్గేది.

ఆయన కార్యం అయ్యాక వాళ్ళబ్బాయి గది ఖాళీ చేశారు. బెంచీ మాత్రం వదిలి వెళ్ళారు. నిన్న కంప్యూటర్ కోచింగ్ పెడతామని ఒకతను వచ్చాడు. కిరాయి బాగానే ఇస్తానన్నాడు. తమ్ముడు సరే అంటాడనుకున్నాను. ఇక అమ్మను ఎక్కడ చూపించాలా అని నాకు లోపల దిగులు.

సాయంత్రం దీపం పెట్టాక ముగ్గురం ఆ గదిలోనే కూర్చున్నాం. తమ్ముడే మొదలుపెట్టాడు.

“కంప్యూటర్లు ఎక్కడైనా నేర్పుకుంటరక్కా. అమ్మకు కళ్ళు తిరిగితె యాడికి పోతది? నా ఇన్సూరెన్స్ గీ బెంచీ దాంక రాదు.”

నా గుండెల మీది బరువు దిగిపోయింది.

డాక్టరు గారు ఊరికి వెళ్ళినప్పుడు ఆయన బదులు వచ్చి చూసే డాక్టరమ్మ ఒకామె ఉంది. లింగంపల్లిలో ఉంటుంది, ఇంకా చిన్న పిల్ల. గది ఆమెకే ఇద్దామనుకున్నాం. ఆమె ఇచ్చుకోగలిగినంతే కిరాయి. బెంచీ ఉన్నచోటే ఉంటుంది. మొదటి రోజు అమ్మే వెళ్ళి దాని మీద కూర్చోవాలని కూడా అనుకున్నాం.

“నాకేం రోగమున్నదని పోవాలె? ఏమని చెప్పాలె ఆ పిల్లకు?” అంది అమ్మ.

“పొద్దున ఏం తిన్నవో చెప్పు,” అన్నాడు తమ్ముడు.