హిర్సీ తర్వాత దగ్గు

షిర్వా తాతకు ఒక్కటే జబ్బు. ఎదురుపడిన మనిషిని మక్కాదాకా తీసుకువెళ్ళకుండా వదిలేవాడు కాదు.

కాలినడకనా, ఓడలోనా అని అడక్కండి. బెర్బెరా రేవులో, దహబో టీకొట్టు ముందు బల్ల మీద కూర్చునే తీసుకువెళ్ళేవాడు. "ఎవరి కొడుకువి?" అని మొదలుపెట్టేవాడు. తండ్రి పేరు చెబితే తాత పేరు అడిగేవాడు, తాత పేరు చెబితే ముత్తాత పేరు. అలా పేరు మీద పేరు ఎక్కించి మక్కాలో ప్రవక్తగారి ఇంటిదాకా. మన తెగల్లో మాటలు వచ్చిన ప్రతి పిల్లకూ తాతల పేర్లు వల్లె వేయించడం ఎటూ ఉన్నదే. అయితే మామూలు మనుషులు పెళ్ళికో తగవుకో తప్ప ఆ పేర్లను బయటికి తియ్యరు. షిర్వా తాతకు మాత్రం టీలో చక్కెర ఎక్కువైందని చెప్పడానికి కూడా అవి కావలసివచ్చేవి. "నీ మూడో తాత కూడా ఇంతే దహబో, చెయ్యి జారుడు మనిషి!" అనేవాడు.

ఒకసారి కొండదారిలో లారీ బ్రేకులు తెగిపోయాయి. పైన కూర్చున్నవాళ్ళందరూ ఇక చావే అని కలిమా చదువుకుంటున్నారు. గొర్రెలు సైతం కళ్ళు మూసుకున్నాయని చెప్పుకుంటారు. డ్రైవరు పక్కన కూర్చున్న షిర్వా తాత ఒక్కడు అతని భుజం తట్టాడు.

"అబ్బీ, ఇందాక ముత్తాత పేరు దగ్గర ఆగావు."

"తాతా, బ్రేకుల్లేవు!"

"అవి లేకపోతే పోనీ. ముత్తాతన్నా ఉండాలి కదా?"

లారీ వెళ్ళి వెళ్ళి కింద ఇసుకలో కూరుకుని ఆగేసరికి డ్రైవరు క్షేమంగా మక్కా చేరుకున్నాడు. భయపడడానికి తీరిక దొరక్క బతికాం అని ఆ డ్రైవరే తర్వాత ఊరంతా చెప్పాడు.

మరోసారి సంతలో ఒక జేబుదొంగ ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. తాత ఆ చెయ్యి పట్టుకుని, అరవకుండా, "ఎవరి కొడుకువి?" అన్నాడు. ఎండ నెత్తికెక్కేదాకా వదల్లేదు. చివరికి ఆ దొంగ తాతకు మేనమామ వరస అయ్యాడు. "మేనమామవై ఉండి మేనల్లుడి జేబులో చెయ్యి పెడతావా? మేనమామ అన్నవాడు జేబులో వెయ్యాలి గానీ తీస్తాడా!" అని తాత నిలదీస్తే, ఆ దౌర్భాగ్యుడు తన దగ్గరున్న ఖర్జూరాలు ఆయన జేబులో పోసి పారిపోయాడు.

ఆయనకు పేర్లంటే అంత పట్టింపు. అడెన్ నుంచి వచ్చిన ఓడ నాయకుడొకడు కొట్టుకు వచ్చి, తాను నేరుగా ప్రవక్తగారి కుటుంబంలోనివాడినని గొప్పగా తన వంశం చదివాడు. తాత కళ్ళు మూసుకుని విన్నాడు.

"బాగుంది నాయనా. కానీ మధ్యలో ఒక తాతని మింగేశావు. మళ్ళీ మొదట్నుంచి చెప్పు."

ఓడ నాయకుడు కోపంగా వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు గాలి మళ్ళాక తేనెడబ్బాతో తిరిగివచ్చాడు. మింగేసిన తాత దొరికాడట.

ఇంత పట్టింపున్న మనిషికి ఒక చిక్కు ఉండేది: దగ్గు.

వంశం చదువుతూ సముద్రం దగ్గరికి వచ్చేసరికి ఆయనకు దగ్గు రావడం అందరికీ తెలిసిందే. ఎవరి వంశం చదివినా ఇటు ఒడ్డున ఆఖరి పేరుకు ఒంటెల వాసన ఉంటుంది. అటు ఒడ్డున మొదటి పేరుకు అత్తరు వాసన. మధ్యలో సముద్రం. మన పెద్దలందరూ ఆ సముద్రం దాటి వచ్చినవారే కనుక, కొందరు ప్రవక్తగారి అల్లుడు అలీగారి ఇంటికీ కొందరు ఆయన అన్న అకీల్‌గారి ఇంటికీ చేరవలసినవారే కనుక, తాత అక్కడ ఆగి ఖళ్ళు ఖళ్ళుమని దగ్గి, టీ ఒక గుక్క తాగి, అవతలి ఒడ్డున తేలేవాడు. "ఉప్పుగాలి" అనేవాడు.

హర్గీసా పట్నం నుంచి వచ్చిన బడిపంతులు ఒకాయన నవ్వాడు. "ఆ దాటినాయన ఏ ఓడలో వచ్చాడు తాతా?"

"నువ్వు కట్టుకున్న లుంగీ ఏ ఓడలో వచ్చింది?"

"నాకేం తెలుసు?"

"తెలీకపోయినా కట్టుకునే తిరుగుతున్నావుగా!"

పంతులు లుంగీ సర్దుకుని టీ తాగాడు.

సముద్రం దగ్గరి దగ్గు సరే. దహబోకు తెలిసిన మరో సంగతి ఉంది. ఆమె ఆ బల్ల పక్కనే ఏళ్ళ తరబడి టీ పోసిన మనిషి. తాతకు నేల మీద కూడా దగ్గు వచ్చేది. ఒక్కో ఇంటి వంశంలో ఒక్కో చోట. గొర్రెల వ్యాపారి బుల్హాన్ ఇంటి వంశం చదివితే సరిగ్గా హిర్సీ అనే పేరు తర్వాత వచ్చేది. బుల్హాన్ ప్రతి విందుకూ తాతను పిలిపించి తన వంశం చదివించుకునేవాడు కాబట్టి ఆ చోటు దహబోకు బాగా అలవాటు. "హిర్సీ" అనగానే ఆమె చెయ్యి దానంతట అదే గ్లాసు అందించేది. అల్లం వేసి చూసింది, నల్లజీలకర్ర వేసి చూసింది, ఓడ నాయకుడి తేనె కలిపి చూసింది. ఏదీ పనిచెయ్యలేదు. వంశాలు చదవనప్పుడు మాత్రం ఆ మనిషికి తుమ్ము కూడా రాదు.

"బాబాయ్, ఇదేం దగ్గు? వేళాపాళా తెలిసిన దగ్గు!"

"మర్యాదస్తుల దగ్గమ్మా. పిలిస్తేనే వస్తుంది."

"మరి నీ వంశం ఎప్పుడూ చదవవేం?"

"మంగలి ఎవడన్నా తన తల తాను గొరుక్కుంటాడా? టీ పొయ్యి."

దహబోకు పిల్లలు లేరు గానీ రోబ్లే ఉన్నాడు. పెద్ద కరువులో ఎక్కడెక్కడి జనమో రేవుకు నడిచి వచ్చిన ఏడు, వాన పడిన పొద్దున, దహబో నాన్న గెల్లే నడిపే బావి దగ్గర ఒంటరిగా దొరికాడు. వానతో వచ్చాడని రోబ్లే అని పేరు పెట్టారు. ఎవరి కొడుకువిరా అంటే "ఫారా" అన్నాడు. ఫారా అనే పేరున్నవాళ్ళను ఎక్కిస్తే రేవులో ఉన్న ఓడలన్నీ మునుగుతాయి. అంతకుమించి వాడికేమీ తెలియదు. గెల్లే వాడి మీద తన దుప్పటి కప్పి ఇంటికి తెచ్చాడు. ఇప్పుడు వాడు కొండమీదికి లారీ నడిపే ఆరడుగుల మనిషి. మనిషి మంచివాడు, లారీ బ్రేకులు మరీ మంచివి.

ఆ రోబ్లేకు బుల్హాన్ తమ్ముడి కూతురు ఇడిల్ నచ్చింది. ఇడిల్‌కు రోబ్లే అంతకు ముందే నచ్చాడు. ఆమెకు తండ్రి లేడు కాబట్టి పెళ్ళికి ఒప్పుకోవలసింది పెదనాన్న బుల్హానే. ఆయన ఒక్కటే మాట అన్నాడు.

"రమ్మనండి. పెద్దల ముందు కూర్చుని తాతల పేర్లు చెప్పమనండి. మాది అకీల్‌గారి ఇంటినుంచి దిగిన వంశం. పిల్లనివ్వాలంటే అవతల కనీసం పేర్ల నిచ్చెనన్నా ఉండాలి కదా."

ఇడిల్ టీకొట్టు వెనక దహబో దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుంటూనే మండిపడింది. "అత్తా, మా పెదనాన్న నన్ను రోబ్లేకి ఇస్తున్నాడా, వాళ్ళ తాతలకి ఇస్తున్నాడా?"

"ముందు తాతలకే తల్లీ. అందరూ సరేనంటే చివర్లో కుర్రాడికి."

"ఉన్నది ఒక్క ఫారానే కదా!"

"నేను చూస్తాలే. నువ్వెళ్ళు."

దహబో చూడగలిగింది షిర్వా తాత వైపే. పెద్దల కూటంలో ఆడమనిషి మాట్లాడితే కుదరదు. రోబ్లే తరఫున నోరు విప్పడానికి ఊళ్ళో అందరూ నమ్మే నోరు అదొక్కటే. కానీ ఆ నోరు ఎంత మొండిదో ఆమెకు తెలుసు.

"బాబాయ్, నాలుగు పేర్లు కలిపి చెప్పెయ్. ఎవరికి తెలుస్తుంది?"

తాత బల్ల మీద నిటారుగా కూర్చున్నాడు. "నా నోట లేని తాత పేరు రాదు. బతికున్న మనిషి జేబు కొట్టినా క్షమిస్తాను. చచ్చిపోయినవాడికి తెలియకుండా వాడికి కొడుకుని అంటగడితే వాడెవరితో చెప్పుకుంటాడు?"

"అయితే పిల్లాడి బతుకు ఇంతేనా?"

"పేరు రాదన్నాను. ఇంకేమీ రాదనలేదు." తాత గ్లాసు ముందుకు జరిపాడు. "ఆ రోజు అల్లం కాస్త ఘాటుగా దంచు."

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక కొట్టు వెనక చాపలు పరిచారు. అటు బుల్హాన్, ఆయన వెనక పెద్దలు, వాళ్ళ చేతికర్రలు. ఇటు రోబ్లే, ఇద్దరు డ్రైవర్లు, షిర్వా తాత. దహబో కెటిల్ పట్టుకుని మూల నిలబడింది.

"ఎవరి కొడుకువి?" అన్నాడు బుల్హాన్.

రోబ్లే నోరు తెరిచేలోగా తాత అందుకున్నాడు. "పెళ్ళికొడుకుది నేను చదువుతాను. రోబ్లే. ఫారా కొడుకు." అని ఛాతీ పట్టుకున్నాడు. ఖళ్ళు ఖళ్ళుమని దగ్గాడు. రేవులో కాకులు లేచిపోయాయి. టీ ఒక గుక్క తాగాడు. "గెల్లే. ఆదాన్ కొడుకు. ఆదాన్, కుల్మియే కొడుకు..." అంటూ సాఫీగా సాగిపోయాడు. సముద్రం దగ్గర మళ్ళీ దగ్గి, అలీగారి గుమ్మంలో దిగాడు.

పెద్దలు తలలూపారు. తన నాన్న పేరు వినగానే దహబో కెటిల్ కింద పెట్టేసింది. గెల్లే కొడుకు ఫారా అని తాత ఎక్కడా అనలేదు. ఫారా అన్నాడు, దగ్గాడు, గెల్లే అన్నాడు. అంతే.

బుల్హాన్ గొర్రెల పళ్ళు లెక్కపెట్టి కొనే మనిషి. ఊరికే వదులుతాడా?

"ఆగు తాతా. దగ్గుకి ముందు ఫారా. దగ్గు తర్వాత గెల్లే. మధ్యలో ఏముంది?"

"దగ్గుంది."

చాపల మీద నవ్వులు. బుల్హాన్ నవ్వలేదు. "ఆ దగ్గు తీసేసి చదువు."

డ్రైవర్లు తలలు దించుకున్నారు. రోబ్లే లేవబోయాడు. తాత వాడి మోకాలి మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

"అలాగే నాయనా. పెద్దవాణ్ణి, దగ్గు ఆపుకుంటాను. కానీ న్యాయమంటే రెండువైపులా ఒకటే ఉండాలి కదా. పిల్లవైపువాళ్ళు పెద్దింటివాళ్ళు. ముందు మీది దగ్గు లేకుండా చదువుతాను. తర్వాత వీడిది. సరేనా?"

"మాదానికేం! శుభ్రంగా చదువు," అన్నాడు బుల్హాన్, భుజం మీది తువ్వాలు సర్దుకుని.

తాత మొదలుపెట్టాడు. ఒక్కో పేరూ గులాబ్ నీళ్ళు చల్లినట్టు చదివాడు. పెద్దలు కళ్ళు మూసుకున్నారు. "...సమతర్, వయిస్ కొడుకు. వయిస్, హిర్సీ కొడుకు. హిర్సీ..."

దహబో చెయ్యి అలవాటు కొద్దీ గ్లాసు అందించింది. తాత తీసుకోలేదు. దగ్గనూ లేదు. నోరు కాస్త తెరిచి, కళ్ళు బుల్హాన్ మీద పెట్టి, ఎంతో ఓర్పుగా కూర్చున్నాడు. తర్వాతి మాట ఆయన నాలుక మీద ఉంది. అది ఏ మాటో చాపల మీద ఇంకెవరికీ తెలియదు.

ఒక్క బుల్హాన్‌కు మాత్రం తెలుసు. చిన్నప్పుడు నానమ్మ చెవిలో చెప్పింది. ఆ సంగతి మరెవరికీ తెలియదనుకునే ఇన్నాళ్ళు విందులు పెట్టాడు. ఆ నిశ్శబ్దంలో ఆయనకు ఇన్నేళ్ళ విందులూ, ప్రతి విందులోనూ అదే చోట వచ్చిన దగ్గూ వినపడ్డాయి. నుదుటి మీద చెమట పట్టింది. తువ్వాలుతో తుడుచుకున్నాడు.

తర్వాత బుల్హాన్ దగ్గాడు.

చిన్న దగ్గు కాదు. వంగిపోయి, చేతికర్ర జారవిడిచి, కళ్ళనీళ్ళు తిరిగేలా దగ్గాడు. ఆయన పక్కనున్న పెద్దాయనకు తన ఇంటి వంశంలో తాత ఎక్కడ దగ్గుతాడో గుర్తొచ్చింది కాబోలు, ఆయనా గొంతు సవరించుకున్నాడు. ఆ పక్కాయన, ఆ వెనకాయన... చాపల మీద ఖళ్ళు ఖళ్ళుమని ఒకటే మోత. దారిన పోయేవాళ్ళు దుమ్ముగాలి లేచిందని ముక్కులకు గుడ్డలు కట్టుకున్నారు.

"దహబో!" అన్నాడు బుల్హాన్, గొంతు పెగిలాక. "అందరికీ అల్లం టీ పొయ్యమ్మా. ఈ పాడు ఉప్పుగాలి..." అని రోబ్లే వైపు తిరిగాడు. "నీ లారీ బ్రేకులు బాగుంటాయా?"

"బాగుంటాయండీ."

"మా పిల్లని ఎక్కించుకున్నప్పుడు మరీ బాగుండాలి."

గోడ అవతల ఇడిల్ కీచుమని అరిచింది. ఆడవాళ్ళు ఆనందంతో నాలుకలు ఆడించి కూతలు వేశారు. పెళ్ళి ఖాయమైందని పెద్దలు ఫాతిహా చదివారు.

అందరూ హల్వా తిని వెళ్ళాక దహబో గ్లాసులు కడుగుతూ అడిగింది. "బాబాయ్, హిర్సీ తర్వాత ఏముంది?"

"నీకెందుకే?"

"ఇన్నేళ్ళు గ్లాసు అందించాను. ఆమాత్రం అడక్కూడదా?"

తాత వేళ్ళకు అంటిన హల్వా తుడుచుకున్నాడు. "దాహంతో వచ్చిన పిల్లాడెవడో ఉంటాడు. పాపం ఏ గెల్లేనో దుప్పటి కప్పి ఉంటాడు. ఏ ఇంట్లో లేడు చెప్పు? నేను చెప్పే ప్రతి పేరూ నిజం. నిజం మధ్యలో కాస్త గుంట వస్తే, మనిషి పడకుండా దగ్గుతాను."

"మరి నీది చదువు."

"నాదా?" తాత చక్కగా సర్దుకుని కూర్చున్నాడు. "షిర్వా..." అని మొదలుపెట్టి, తండ్రి పేరైనా రాకముందే ఖళ్ళు ఖళ్ళుమన్నాడు.

దహబో నవ్వాపుకుంటూ గ్లాసు అందించింది.

రోబ్లేకూ ఇడిల్‌కూ ఉబా పుట్టింది. మాటలు రాగానే షిర్వా తాతే ఒళ్ళో కూర్చోబెట్టుకుని పేర్లు నేర్పాడు. ఒక పండగపూట, బుల్హాన్ తెచ్చిన హల్వా పళ్ళెం ముందు అది నిలబడి గడగడా చదివింది.

"ఉబా. రోబ్లే కూతుర్ని. రోబ్లే, ఫారా కొడుకు." అని ఛాతీ పట్టుకుని, అచ్చం ముసలాయనలా "ఖళ్ళు" అని దగ్గింది. "గెల్లే. ఆదాన్ కొడుకు..."

అందరికంటే ముందు బుల్హాన్ చప్పట్లు కొట్టాడు. పెద్ద హల్వా ముక్క తీసి దాని నోటికి అందించబోయాడు. తాత ఆయన చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

"ఆగండి. పిల్ల తప్పు చదివింది." అని ఉబా వైపు తిరిగి కళ్ళు చిట్లించాడు. "అక్కడ రెండుసార్లు దగ్గాలి. ఒకటి మింగేశావు. మళ్ళీ మొదట్నుంచి చెప్పు."