ఎత్తిన చోటే ఎందుకు దించాలి

మా తాత ఒకసారి ఒక ఇంటిని ఇల్లుగానే ఎత్తి, నాలుగో అంతస్తు నుంచి కిందికి దించాడు. లోపల ఇంటివాళ్లు భోజనం చేస్తూనే ఉన్నారు. గ్లాసుల్లో నీళ్లు తొణకలేదు. కింద పెట్టాక ఇంటాయన కిటికీలోంచి తల బయటికి పెట్టి, "ఏమండీ, ఇంతకీ పని ఎప్పుడు మొదలుపెడతారు?" అని అడిగాడట.

ఇందులో కొంచెం అబద్ధం ఉంది. ఇల్లు కాదు, బీరువా. లోపల ఉన్నది ఇంటివాళ్లు కాదు, వాళ్ల పిల్లి. అది మాత్రం నిజంగానే కిందికి వచ్చేదాకా నిద్ర లేవలేదు.

ఇళ్లు మారేవాళ్ల సామాను మోసే కంపెనీలో తాతది నలభై ఏళ్ల పని. మనిషి ఎండుపుల్ల. చొక్కా విప్పితే పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. నేను ఎక్కాలు నేర్చుకున్నది వాటి మీదే, అందుకే పన్నెండో ఎక్కం దాటలేదు. తోటివాళ్లు ఆయనకు చీమ అని పేరు పెట్టారు. తన ఒంటికి మించిన బరువు మోస్తాడు గనక అని వాళ్లంటారు. పంచదార డబ్బా ఎక్కడ దాచినా కనిపెడతాడు గనక అని మా అమ్మమ్మ అంటుంది.

ఏదైనా ఎత్తే ముందు తాత దాని మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఊరికే నిలబడతాడు. చూసేవాళ్లకు దణ్ణం పెట్టుకుంటున్నాడేమో అనిపిస్తుంది. నేనడిగితే, "బరువు ఎక్కడుందో చూస్తున్నానే. ఫ్రిజ్‌కి అడుగున వెనకాల ఉంటుంది. ఇనప బీరువాకి తలుపుల్లో ఉంటుంది. మీ అమ్మమ్మకి నోట్లో ఉంటుంది" అన్నాడు. ఆ తర్వాత వెడల్పాటి గుడ్డపట్టీ సామాను కిందుగా తీసి భుజాల మీద వేసుకుంటాడు. మోకాళ్లు వంచి లేస్తాడు. అంతే, ఫ్రిజ్‌కి కాళ్లొచ్చి మెట్లెక్కుతున్నట్టు ఉంటుంది. వెనక నుంచి చూస్తే తాత కనబడడు.

కష్టం కొత్త లారీతో వచ్చింది. ఓనరు కొత్త లారీ కొని, దానికి రెండు వైపులా బొమ్మ వేయించాడు. తలుపు రెక్కల్లాంటి ఛాతీ, గుమ్మడికాయల్లాంటి భుజాలు ఉన్న మనిషి ఒక్క అరచేత్తో సోఫా ఎత్తి నవ్వుతుంటాడు. సోఫాలో ఒకావిడ కాలు మీద కాలేసుకుని పేపరు చదువుతుంటుంది. ఆ బొమ్మ చూసి పనికి పిలిచిన ఒకావిడ, లారీ దిగిన తాతను కింది నుంచి పైదాకా చూసింది. చూడ్డానికి ఎక్కువసేపు పట్టలేదు.

"ఏమండీ, ఈయన మోస్తాడా, ఈయన్ని ఎవరన్నా మొయ్యాలా?" అని పక్కనున్న ఓనర్ని అడిగింది.

అందరూ నవ్వారు. తాత అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఓనరు మాత్రం నవ్వలేదు. మరుసటి వారం బొమ్మలోంచి దిగివచ్చినట్టున్న ఇద్దరు కుర్రాళ్లను పనిలో పెట్టుకున్నాడు.

"బాబాయ్, నువ్వు ఇకనుంచి లారీ దగ్గరుండు. సామాను ఎవరూ ఎత్తుకుపోకుండా చూసుకో" అన్నాడు తాతతో.

"ఎన్నాళ్లు?"

"ఎన్నాళ్లంటే ఏం చెప్పను? పార్టీలు బొమ్మ చూసి వస్తున్నారు. మనిషి బొమ్మకి సరిపోవాలి కదా."

"సరిపోతే?"

"సరిపోతే మెట్లు నీవే!" అని ఓనరు భుజం తట్టి వెళ్లిపోయాడు. ఆయన ఎగతాళికన్నాడు. తాత దాన్ని మాట ఇచ్చినట్టు తీసుకున్నాడు.

లారీ కాపలా అంటే కూర్చునే పనే కదా, హాయి అనుకుంటాం. తాతకు అది జైలు. పైన ఎవరో మెట్ల మీద బల్ల దించుతుంటే ధన్‌మని చప్పుడు వినబడేది. "తగిలింది" అనేవాడు, తన మోకాలికే తగిలినట్టు మొహం పెట్టి. సాయంత్రం ఇంటికొచ్చి ఎవరూ అడక్కుండానే మా మంచాన్ని ఈ గదిలోంచి ఆ గదిలోకి, ఆ గదిలోంచి ఈ గదిలోకి మార్చేవాడు. వారానికి మూడుసార్లు మార్చాక అమ్మమ్మ, "ఈసారి నేను పడుకుని ఉండగా మార్చావంటే చూడు!" అని అరిచింది. బడుల సెలవులు మొదలైతే ఇళ్లు మారేవాళ్లు ఎక్కువ. ఆ హడావిడి మొదలయ్యేలోగా మళ్లీ మెట్ల మీద ఉండాలని తాత తీర్మానించుకున్నాడు. మూడు నెలల గడువుంది.

నేను పనిచేసే కుట్టు దుకాణం కింద ఒక జిమ్ ఉంది. తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, తిన్నగా కోచ్ దగ్గరికి వెళ్లాడు. నేను మెట్ల మీద నిలబడి విన్నాను.

"బాబూ, నాకు బలం వద్దు. ఇంట్లో ఉంది. పైకి కనబడే కండ కావాలి. రెండు చేతులకీ చాలు."

కోచ్ పేర్ల పుస్తకం తెరిచాడు. "పెద్దాయనా, ఇక్కడికి వచ్చే ప్రతివాడూ బలం కోసం, ఆరోగ్యం కోసం అంటాడు. చెప్పి, అద్దం ముందు నిలబడి కదలడు. మొదటిరోజే నిజం చెప్పింది నువ్వొక్కడివే" అని చేర్చుకున్నాడు. తాతకు పది ఇనప బిళ్లలు చూపించి, "వీటితో మొదలుపెట్టు, నేనిప్పుడే వస్తా" అని ఫోన్ మాట్లాడ్డానికి బయటికెళ్లాడు.

తిరిగొచ్చేసరికి ఆ పది బిళ్లలే కాదు, గదిలో ఉన్న బిళ్లలన్నీ గుమ్మం పక్కన పెద్దవి కింద, చిన్నవి పైన పేర్చి ఉన్నాయి. మధ్యమధ్యలో గీతలు పడకుండా పాత పేపర్లు కూడా పెట్టి ఉన్నాయి.

"తాతా, ఏంటిది?"

"మొదలుపెట్టమన్నావుగా. అయిపోయింది. లారీ ఎప్పుడొస్తుంది?"

"లారీ ఏంటి తాతా! ఎత్తి దించాలి, అంతే."

"ఎక్కడ దించాలి?"

"ఎత్తిన చోటే."

తాత కోచ్‌ని జాలిగా చూశాడు. "ఎత్తిన చోటే దించేదానికి ఎత్తడమెందుకు నాయనా? పార్టీ ఇంట్లో ఇట్లా చేస్తే మతి పోయిందంటారు."

అక్కడున్న కుర్రాళ్లు పడీపడీ నవ్వారు. ఆ రోజునుంచి తాత వాళ్లందరికీ ముద్దు. ఆయన మాత్రం ఎత్తిన చోటే దించడానికి చాలా రోజులు సిగ్గుపడ్డాడు. ఎవరూ చూడకపోతే రెండడుగులు పక్కకి దించేవాడు.

ప్రతి ఆదివారం నేను టేపుతో తాత దండచెయ్యి కొలవాలి. మొదటి ఆదివారం పది అంగుళాలు. రెండోది పది. మూడోది పది. నాలుగో ఆదివారానికి ఇంట్లో గుడ్లన్నీ అయిపోయాయి. "కోడి కూడా ఇన్ని గుడ్ల మీద కూర్చోదు! పెళ్లినాడు లేని సోకు ఇప్పుడొచ్చింది" అని అమ్మమ్మ గొణిగింది. టేపు పదే చూపించింది. చెయ్యి చాపి నా మొహంలోకి చూస్తున్న తాతకు ఆ అంకె చెప్పడానికి నాకు నోరు రాలేదు. టేపు కింద నా బొటనవేలు దూర్చి, "పదిన్నర!" అన్నాను.

తాత మొహం చూడాలి. ఆ వీధిలో పదిన్నర తెలియని మనిషి లేడు.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఆయన కంపెనీ చొక్కా తెచ్చి చేతులు లోపలివైపు ఒక కుట్టు వేసి బిగించాను. రెండు వారాలాగి రెండో కుట్టు. ఇంకో రెండు వారాలకు మూడోది. పైనుంచి ఏమీ తెలియదు. చొక్కా చేతులు దండలకు అతుక్కుని, "తాతా, ఏం పెరిగావు!" అని జిమ్ కుర్రాళ్లు గిల్లి చూసేవాళ్లు. తాత అన్నం తినేటప్పుడు మోచెయ్యి మడవలేక మెడ ముందుకు చాపి ముద్ద అందుకునేవాడు. అదీ కండ వల్లే అనుకున్నాడు.

సెలవులకు వారం ముందు జిమ్ ఇల్లు మారింది. పక్క వీధిలో, రెండో అంతస్తు. ఇంతమంది పహిల్వాన్లు ఉండగా కూలీలెందుకని కోచ్ మా తాత కంపెనీ నుంచి లారీ ఒక్కటే పిలిపించాడు. ఓనరు తనే నడుపుకుంటూ వచ్చాడు. పక్కన కాపలాకి మా తాత. కుట్టు దుకాణంలో ఆ పూట సెలవు పెట్టి నేను తమాషా చూడ్డానికి వెళ్లాను.

బిళ్లలు, బల్లలు, కడ్డీలు అన్నీ చకచకా పైకెళ్లాయి. చివరికి అద్దం మిగిలింది. ఎనిమిదడుగుల ఎత్తు, ఐదడుగుల వెడల్పు. నలుగురు కుర్రాళ్లు పట్టుకున్నారు. బరువు మోస్తున్నప్పుడు కండలు ఇంకా బాగా పొంగుతాయి కదా, అవి ఎదురుగా అద్దంలో కనబడుతున్నాయి కదా, ఇక మెట్లెవరు చూస్తారు? మొదటి అంతస్తు దాటి మలుపు దగ్గరికి వచ్చేసరికి కింది మూల మెట్ల పక్క కటకటాల్లో ఇరుక్కుంది. పై అంచు పైకప్పుకి ఆనింది. పైకీ రాదు, కిందికీ పోదు.

కింద తాత ఆ చప్పుడు విన్నాడు. "తగిలింది" అన్నాడు. లారీలోంచి దుప్పటీ, పట్టీ లాక్కున్నాడు.

"బాబాయ్, లారీ!" అని ఓనరు అరిచాడు.

"ఎక్కడికీ పోదులే. తాళంచెవి నీ జేబులోనే ఉంది."

నేనూ వెనకాలే పరిగెత్తాను. పైన నలుగురి చేతులూ వణుకుతున్నాయి. తాత వెళ్లగానే అద్దం మీద దుప్పటి కప్పాడు.

"ముందు పట్టుకో తాతా! దుప్పటి తర్వాత!"

"అద్దం కనబడినంతసేపూ మీ కళ్లు మెట్ల మీదికి రావు" అని, అరచెయ్యి ఆన్చి ఊరికే నిలబడ్డాడు.

"చేతులు పోతున్నాయ్ తాతా!"

"చేతులతో పట్టుకోమని ఎవడన్నాడు? తొడలకి ఆన్చుకోండి. హాఁ, అదీ! ఇప్పుడు నేను ఊ అంటే ఒక మెట్టు. ఊ అనకపోతే ఊపిరి కూడా వద్దు. ముందు ఒక మెట్టు దిగుతున్నాం."

"పైకెళ్లాలి కదా తాతా?"

"దిగితేనే పైకెళ్తాం. ఊ!"

పట్టీ అడుగున వేసి, కిందివైపు బరువంతా తన భుజాల మీదికి తీసుకుని లేచాడు. లేవగానే చర్రుమని చప్పుడు. అద్దమే పగిలిందనుకున్నాను. కాదు. తాత కుడి చొక్కాచెయ్యి చంక నుంచి మోచేతిదాకా చిరిగి వేలాడుతోంది. లోపల నీలిదారంతో నా మూడు కుట్లూ వరసగా, అందంగా బయటపడ్డాయి. తాత వాటిని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. బరువు మీదున్నప్పుడు ఆయన వేరే మాట మాట్లాడడు. ఈసారి ఊ మాత్రం నా వైపు తిరిగి కొంచెం గట్టిగా అన్నాడు.

మిగిలిన మెట్లు అలాగే ఎక్కారు. అద్దం మూల కూడా పగల్లేదు. గోడకు నిలబెట్టి దుప్పటి తీస్తే అందులో ఎర్రబడ్డ నాలుగు మొహాలు, చెమటతో కోచ్, మధ్యలో ఒక చెయ్యి లేని చొక్కాతో మా తాత. ఆ చెయ్యి మూడు నెలల కింద ఎంత సన్నమో అంతే సన్నం.

"తాతా, కండ ఏది?" అన్నాడొక కుర్రాడు.

"చొక్కాతో పాటే పోయింది" అన్నాడు తాత.

గది గదంతా నవ్వింది. ఓనరు అప్పటికే మలుపు దగ్గరినుంచి అంతా చూస్తూ మా వెనకే పైకొచ్చాడు. ఆయన తాత చేతినీ, అద్దాన్నీ మార్చిమార్చి చూసి తల గోక్కున్నాడు.

"బాబాయ్, సోమవారం మా కుర్రాళ్లిద్దరికీ ఆ దుప్పటి కప్పేది, ఆ ఊ అనేది నేర్పు. నువ్వు ముందుంటే వాళ్లు వెనకుంటారు."

"మరి లారీ దగ్గర?"

"నేనుంటాలే" అని దిగి వెళ్లిపోయాడు. తాత కిటికీలోంచి తొంగి చూశాడు. నేనూ చూశాను. లారీ మీద కండల మనిషి నవ్వుతున్నాడు. ఆయన కింద ఓనరు, బొజ్జ మీద చేతులు పెట్టుకుని, కాపలా.

ఆ సాయంత్రం నేను తప్పు ఒప్పుకుని కూర్చుని ఎడమచేతి కుట్లు విప్పుతుంటే తాత పక్కన చేరాడు.

"మరి పదిన్నర?"

నా బొటనవేలు చూపించాను. తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "బాగా పెంచావే కండ" అన్నాడు.

సెలవుల్లో తాత రోజూ మెట్ల మీదే ఉన్నాడు. ఒకింట్లో ఎవరో మళ్లీ, "ఈయన మోస్తాడా?" అన్నారట. బొమ్మలాంటి కుర్రాడొకడు, "మోసేది మేమేనండీ. మా చేత మోయించేది ఆయన" అని జవాబు చెప్పాడట. ఆ మాట తాత ఇంటికొచ్చి ఆరుసార్లు చెప్పాడు.

ఇక జిమ్ పని అయిపోయిందనుకున్నాను. మొన్న సోమవారం పొద్దున్నే చూస్తే, నూనె రాసుకుని, పాపిడి తీసి, చేతుల్లేని కొత్త బనీను వేసుకుని బయల్దేరుతున్నాడు. గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"తాతా, మెట్లు నీకొచ్చేశాయి. బలం ముందే ఉంది. కండలు ఈ జన్మకి రావు. ఇంకా ఎందుకెళ్తున్నావు? నిజం చెప్పు, బలానికా, అందానికా?"

తాత చెప్పులు వేసుకుంటూ తలెత్తకుండానే అన్నాడు:

"అందానికే. రోజూ నీ మొహం, మీ అమ్మమ్మ మొహం చూస్తున్నా. ఈ ఇంట్లో ఒక్కళ్లన్నా చూడబుద్ధయ్యేట్టు ఉండొద్దూ? తప్పుకో."