నాలుగో గేటు దగ్గర కిష్టమ్మ

కిష్టమ్మ నారాయణపేట పక్క పల్లె నుంచి హైదరాబాదు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. వచ్చిన కొత్తలో రాయదుర్గం గుట్టల మధ్య లేస్తున్న అద్దాల మేడలకు కంకర తట్టలు మోసింది. అప్పుడు నెత్తిన తట్టతో మెట్లెక్కిన మేడలోనే ఇప్పుడు నీలంరంగు కోటు తొడుక్కుని, లిఫ్టులో పైకి వెళ్ళి నేల తుడుస్తుంది. “అప్పుడు సిమెంటు మోసిన, ఇప్పుడు మరకలు తుడుస్తున్న. ఈ బిల్డింగు నన్ను ఇడిసేటట్టు లేదు” అని తనే నవ్వుతుంది.

మనిషి పొట్టి. గొంతు మాత్రం మూడంతస్తుల దాకా వినిపిస్తుంది. చదువు బస్సు నంబర్ల వరకే. కానీ లెక్క విషయంలో ఆమెను మించినవాళ్ళు లేరు. తట్టలు మోసే రోజుల్లో కూలి లెక్కలో మేస్త్రీ రోజుకు రెండు తట్టలైనా మరిచిపోయేవాడు. వాడి మతిమరుపుకు మందుగా మొదలైన అలవాటు, ఇక ఒంటికి అంటుకుపోయింది. లిఫ్టులో ఎంతమంది ఎక్కారు, క్యాంటీన్ వరుసలో ముందు ఎంతమంది ఉన్నారు, పెళ్ళిలో ఏ బంతికి ఎన్ని విస్తళ్ళు లేచాయి, అన్నీ ఆమె నాలుక మీద ఉంటాయి. “నువ్వు నిద్రల గూడ దోమలను లెక్కవెడ్తవే” అంటాడు మొగుడు పోచయ్య. ఆయన నల్లగండ్లలో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్. ఇద్దరూ ఆ వెనక సందులోనే ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్నారు.

పొద్దున ఆరున్నరకల్లా ఆమె ఆ మేడల నాలుగో గేటు ఎదుటి స్టాపులో బస్సు దిగాలి. దిగాక ఆఫీసు చేరడానికి అడ్డం ఒకటే, రోడ్డు. అటు మూడు వరుసలు, ఇటు మూడు వరుసలు. పైనుంచి ఫ్లైఓవర్ దిగి వచ్చే కార్లకు బ్రేకు అనేది ఒకటుందని ఆ వేళ గుర్తుండేది కాదు. తుడిచేవాళ్ళు, వండేవాళ్ళు, సెక్యూరిటీ వాళ్ళు గుంపుగా నిలబడి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఎదురుచూసేవారు. అప్పుడు కిష్టమ్మ చెయ్యి ఎత్తి, “ఆగుర్రి!” అని ఒక్క అరుపు అరిచి అడుగేసేది. కార్లు ఆగేవి. గుంపు దాటేది. అందరూ ఆమెను ట్రాఫిక్ కిష్టమ్మ అనేవారు.

నిరుడు శ్రావణమాసంలో ఒక బుధవారం, ఆ మేడ కింది అంతస్తులోని పెద్ద హాల్లో ఒక సభ పెట్టారు. వచ్చే పదేళ్ళలో ఈ ప్రాంతంలో ఎక్కడ రోడ్లు రావాలి, ఎక్కడ పార్కులు రావాలి, ఎంత ఖర్చు పెట్టాలి అని ప్రజల అభిప్రాయం అడిగే సభ అది. గుమ్మానికి “మన ప్రాంతం, మన ప్రణాళిక” అని నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. పక్కన గోడంత స్క్రీన్, రెండు వందల భోజనం ప్యాకెట్లు. రెండు వందల కుర్చీలు వేసింది కిష్టమ్మ, ఆమెతో పాటు నేల తుడిచే అంజమ్మ, ఇంకో నలుగురు.

పదకొండు గంటలకు సభ మొదలుపెట్టాలి. వచ్చినవాళ్ళు ఇరవై ముగ్గురు. ఎవరూ అడక్కుండానే కిష్టమ్మ లెక్కపెట్టేసింది. బుధవారం పదకొండింటికి పని చేసుకునేవాళ్ళు పనిలో ఉంటారు మరి. ఫొటోలు తీసే అతను ఖాళీ కుర్చీల వైపు చూసి మొహం వేలాడేశాడు. సూపర్‌వైజర్ సంతోష్ పరుగెత్తుకొచ్చాడు.

“కిష్టమ్మక్కా, కోట్లు ఇప్పేసి అందరు పోయి కూసోండ్రి. జర సేపే.”

“మేమా? యాడ?”

“కుర్చీలల్ల అక్కా! ఫొటోలు తీసేదాంక.”

అలా, ఏళ్ళ తరబడి వేస్తూ తీస్తూ ఉన్న కుర్చీలో కిష్టమ్మ మొదటిసారి కూర్చుంది. మెత్తగా ఉంది. చేతికి ఒక ఫారం, పెన్ను ఇచ్చారు. పెన్ను జాకెట్లో దోపుకుని స్క్రీన్ వైపు చూసింది. రంగురంగుల మ్యాపు. ప్రణాళిక తయారుచేసిన సంస్థ నుంచి వచ్చిన నీహారిక అనే అమ్మాయి వివరిస్తోంది. కాకినాడ అమ్మాయి, మాటిమాటికీ ‘అండి’ అంటుంది.

“ఇక్కడ మాల్ ఎదురుగా పాదచారుల కోసం వంతెన వస్తుందండి. అద్దాల పైకప్పు, రెండువైపులా ఎస్కలేటర్లు ఉంటాయండి. ఈ ప్రణాళికలో నడిచేవాళ్ళ కోసం పెడుతున్న ఖర్చులో సగం దీనికేనండి.”

వేదిక మీద ఉన్న అధికారి భీమేశ్వరరావు గారు కళ్ళజోడు సవరించుకుని, “ఎవరికైనా సందేహాలు ఉన్నాయా?” అన్నారు. ఒక రిటైర్డ్ పెద్దమనిషి పార్కులో నడకదారి గురించి పది నిమిషాలు మాట్లాడాడు. ఆయన కూర్చోగానే వెనక వరుసలో ఒక చెయ్యి లేచింది. రోజూ కార్లను ఆపే చెయ్యి.

“సారూ, గా బ్రిడ్జి ఎవరికి?”

“నడిచేవాళ్ళకమ్మా.”

“నడిచేటోళ్ళం మేమే గద. మేం గాడ నడువం.”

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. సంతోష్ తలుపు దగ్గర నిలబడి, వద్దక్కా అన్నట్టు రెండు చేతులూ ఊపుతున్నాడు. కిష్టమ్మ చూడలేదు. చూసినా ఆగే రకం కాదు.

“మాలుకు వచ్చేటోళ్ళు కార్లల్ల వస్తరు, కార్లతోనే కిందికి దిగిపోతరు. మేం నాలుగో గేటు కాడ బస్సు దిగుతం. గాడ దాటనీకె పానం అరచేతుల వెట్టుకుంటం. పొద్దుగాల ఒక్క గంటల నా కండ్ల ముంగట మూడు నాలుగు వందల మంది దాటుతరు.”

భీమేశ్వరరావు గారికి కోపం రాలేదు. విసుగు మాత్రం వచ్చింది. “అంచనాలు చెబితే కుదరదమ్మా, లెక్క కావాలి. సర్వేకు కేటాయించిన డబ్బు అయిపోయింది” అని మైకు పక్కన పెట్టారు.

సభ ముగిశాక నూటయాభైకి పైగా ప్యాకెట్లు మిగిలాయి. హౌస్‌కీపింగ్ వాళ్ళందరూ ప్యాంట్రీలో కూర్చుని తింటున్నారు. నీహారిక వెతుక్కుంటూ వచ్చింది. ప్రజల్ని కలుపుకోవడానికి ఇచ్చిన డబ్బులో ఎక్కువ భాగం హాలుకు, స్క్రీనుకు, ఈ ప్యాకెట్లకే పోయిందని ఆ అమ్మాయికి తెలుసు. ఆ మాట మనసులో ముల్లులా ఉంది.

“కిష్టమ్మ గారూ, ఆ మూడు నాలుగు వందలు నిజంగా లెక్కపెట్టారాండి?”

“బిర్యాని మంచిగున్నది, నువ్వు తిన్నవా బిడ్డా?” అంది కిష్టమ్మ. “లెక్కవెట్టకుంట ఎందుకు చెప్త?”

“వారం రోజులు లెక్కపెట్టి ఇవ్వగలరా? నేను రాసుకుంటాను. నా దగ్గర ఇంకొంచెం ఖర్చుకు వీలుంది. మీ టీలు, ఆటోలు చూసుకుంటాను.”

మర్నాటి నుంచే పని మొదలైంది. కాగితం మీద గీతలు గీయడం కిష్టమ్మకు నచ్చలేదు. ఒక సంచి నిండా చింతగింజలు తెచ్చింది. మనిషి దాటితే ఒక గింజ ఈ సంచిలోంచి ఆ సంచిలోకి. ఆమె షిఫ్టును సంతోష్ రెండు గంటలు వెనక్కి జరిపాడు. అక్క మాట కాదంటే ఆఫీసులో తనకు శాంతి ఉండదని అతనికి తెలుసు. మాల్ ఎదురుగా లెక్కపెట్టే పని పోచయ్యకు అప్పగించింది. ఆయన రాత్రి డ్యూటీ దిగి అటే వచ్చి, అరుగు మీద కూర్చుని గింజలు వేసేవాడు.

ఆరు నుంచి ఎనిమిది దాకా నాలుగో గేటు దగ్గర రోజుకు సగటున ఆరు వందల నలభై గింజలు. మాల్ దగ్గర ముప్పై మూడు.

“ముప్పై మూడా? గంత పొద్దుగాల గాడ ఎవరు దాటిన్రయ్యా?” అని నిలదీసింది.

పోచయ్య బుర్ర గోక్కున్నాడు. “రోజూ రెండు కుక్కలు దాటినయే. అవి గూడ ఏసిన.”

ముప్పై ఒకటి అని దిద్దించింది. నీహారిక ఆ లెక్కను పట్టికలుగా మార్చి భీమేశ్వరరావు గారి బల్ల మీద పెట్టింది. ఆయన రెండుసార్లు చదివారు. మూడోరోజు పొద్దున ఎవరికీ చెప్పకుండా తానే నాలుగో గేటు దగ్గరకు వెళ్ళి అరగంట నిలబడ్డారట. ఆ తరువాతే వంతెనను అక్కడికి మార్చే ప్రతిపాదన రాయించారు. తుది అభిప్రాయం కోసం ఇంకో సభ పెట్టాలన్నారు. ఈసారి హాలు వద్దంది నీహారిక. మిగిలిన కొద్దిపాటి డబ్బుతో నాలుగో గేటు పక్కనే షామియానా వేయించి, షిఫ్టు మారే సాయంత్రం నాలుగు గంటలకు, టీ, మిరపకాయ బజ్జీలతో సభ పెట్టింది. మూడు వందల మంది నిలబడే విన్నారు.

కిష్టమ్మ ఆ రోజు ఇస్త్రీ చీర కట్టింది. మైకు చేతికిస్తే, అవసరం లేకపోయినా తీసుకుంది. “మన బ్రిడ్జి మన కాడికే వస్తున్నది! ఇగ ఎవ్వరు పరేషాన్ గావద్దు” అని చాటింది.

చప్పట్లు పడ్డాయి. ఆ చప్పట్లలోంచి అంజమ్మ గొంతు లేచింది.

“మెట్లెన్నక్కా?”

కిష్టమ్మ నీహారిక వైపు చూసింది. “ఎస్కలేటర్లకు ఇక్కడ చోటు చాలదండి. ఎక్కడానికి నలభై రెండు మెట్లండి” అంది నీహారిక.

“ఎక్కనీకె నలభై రెండు, దిగనీకె నలభై రెండు. పొద్దుమూకులు బిల్డింగుల ఒంగి లేసి తుడిసేటోళ్ళం. నా మోకాళ్ళు గన్ని మెట్లు ఎక్కవు. పంచింగు రెండు నిమిషాలు లేటైతే సగం దినం జీతం కోస్తరు. నేనైతే కిందికెల్లే ఉరుకుత, నువ్వేమన్న అను.”

“నేను గూడ,” అంది ఒకామె. “నేను గూడ.” నవ్వులు, గోల. సభ అలాగే ముగిసింది.

కిష్టమ్మకు ఒళ్ళు మండింది. రెండు రోజులు అంజమ్మతో మాట్లాడలేదు. ఇంత కష్టపడి సాధిస్తే మెట్లట! మూడోనాడు ఉండబట్టలేక అంజమ్మ చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. దారిలో ఒక పాత పాదచారుల వంతెన ఉంది. “నడువు, ఎక్కి సూద్దాం. ఏమైతదో సూద్దాం” అంది. పది మెట్లు చకచకా ఎక్కింది. ఇరవై దగ్గర మాట ఆగింది. ముప్పై దగ్గర కొంగుతో మొహం తుడుచుకుంటూ మెట్టు మీదే చతికిలబడింది. అంజమ్మ పక్కన కూర్చుని సంచిలోంచి నీళ్ళ సీసా తీసి ఇచ్చింది.

అక్కడ కూర్చునే కిష్టమ్మ లెక్కపెట్టింది. వాళ్ళు కూర్చున్న అరగంటలో వంతెన మీద నడిచినవాళ్ళు తొమ్మిది మంది. కింద, కార్ల మధ్యలోంచి ఉరికినవాళ్ళు నలభై నలుగురు.

“నువ్వు చెప్పిందే నిజం అంజమ్మా,” అంది. ఆ ఒక్క మాట అనడం ఆమెకు మెట్లెక్కడం కంటే కష్టమైంది.

మర్నాడు సగం రోజు సెలవు పెట్టి, నీహారికను వెంటబెట్టుకుని భీమేశ్వరరావు గారి ఆఫీసుకు వెళ్ళింది. విషయం విని ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

“ఏమ్మా, నువ్వడిగావనే కదా ఫైలు మార్చాను? పైవాళ్ళకు ఇప్పుడేం చెప్పను?”

“తప్పు నాదే సారూ. నేను నిలవడి సూసిన గని, ఎక్కి సూడలే. మాకు బ్రిడ్జి వద్దు. లైటు వెట్టుండ్రి. ఎర్ర లైటు వడి బండ్లు ఆగితే కిందనే దాటుతం. ఖర్సు గూడ తక్కువే అయితదంట గద, ఈ బిడ్డ చెప్పింది.”

“వంతెన ఖర్చులో పదో వంతు కూడా కాదు సార్,” అంది నీహారిక. “రోడ్డు మధ్యలో నిలబడడానికి చిన్న దిబ్బ, ఎత్తుగా వేసిన జీబ్రా గీతలు, సిగ్నల్. అంతేనండి.”

ఆయన ఇద్దరి మొహాలూ చూసి గట్టిగా నవ్వేశారు. “ముప్పై ఏళ్ళ సర్వీసులో వంతెన కావాలని వచ్చినవాళ్ళని చూశాను. ఇచ్చింది తిరిగి ఇచ్చేయడానికి వచ్చినదానివి నువ్వొక్కదానివేనమ్మా” అని టీ తెప్పించారు.

పని వెంటనే ఏమీ కాలేదు. ఫైలు ఎనిమిది నెలలు తిరిగింది. మాల్ దగ్గరి వంతెన కావాలని పట్టుబట్టినవాళ్ళు కొందరున్నారు. అది ప్రణాళికలో అలాగే ఉండిపోయింది, ఎస్కలేటర్లు మాత్రం పోయాయి. కిష్టమ్మకు ఆ సంగతి నచ్చలేదు. “మనదైతే వచ్చింది గద” అని పోచయ్య సర్దిచెప్పాడు. ఈ వేసవిలో నాలుగో గేటు దగ్గర సిగ్నల్ వెలిగింది. మొదటిరోజు అది నడిచేవాళ్ళకు ఇరవై రెండు సెకన్లే ఇచ్చింది. చివరన వస్తున్న ముసలి వంటామె దాటేలోపే కార్లకు పచ్చలైటు పడి హారన్లు మోగాయి. కిష్టమ్మ ఆ ముసలామె నడకతో కొలిచి, ముప్పై ఐదు సెకన్లు కావాలని మళ్ళీ ఆఫీసుకు వెళ్ళింది. వారంలో మార్చారు.

కార్లకు చెయ్యెత్తే పని పోయినందుకు మొదట్లో కొంచెం వెలితిగా ఉండేదట. “నా ఉద్యోగం గా లైటు గుంజుకున్నది” అంటుంది నవ్వుతూ.

ప్రాంత ప్రణాళిక సలహా సంఘంలో ఇప్పుడు ఆమె ఒక సభ్యురాలు. సభలు నెలకోసారి, సాయంత్రం నాలుగు తరువాతే. ఆ సమయం ఆమె పెట్టించిందే. అర్థం కాని మాట వస్తే, “జర తెలుగుల చెప్పుండ్రి సారూ” అని ఆపుతుంది. మొదట విసుక్కున్నవాళ్ళు ఇప్పుడు మాట్లాడే ముందు ఆమె వైపు ఒకసారి చూస్తారు. పోయిన నెల బస్టాపుల దగ్గర ఆడవాళ్ళ మరుగుదొడ్ల మీద చర్చ వచ్చింది. మ్యాపులో ఆరు చుక్కలు పెట్టారు. ఆ ఆరు చోట్లకూ ఆమె, అంజమ్మ ఆదివారం కాలినడకన వెళ్ళి చూశారు. రెండు చోట్ల నీళ్ళ లైను లేదు. ఒక చోట దారిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. మిగిలిన మూడు చోట్లూ బాగున్నాయన్నారు, కానీ తలుపులు రోడ్డు వైపుకు వద్దు, గోడ వైపుకు పెట్టాలన్నారు. నీహారిక అవన్నీ రాసుకుని, మ్యాపులో చుక్కలు జరిపింది.