కొడవలి మీది గీత

పందొమ్మిది వందల ఇరవైల్లో, ఘాటీలో ఇంకా మోటార్లు తిరగని రోజులు. అరకు నుంచి బండిలో దిగుతుంటే వాన పట్టుకుంది. దారిపక్క పాకలో చేరి, అడకత్తెరతో వక్క కత్తిరించుకుంటూ కూర్చున్నాను.

పాకలో అప్పటికే ఒక కొండామె ఉంది. నిండు చూలాలు. నా చేతివైపే చూస్తూ, "అది ఉక్కా బాబూ?" అంది.

"ఉక్కే. ఇనుముకన్నా గట్టిది."

ఆమె మూటలోంచి కొడవలి తీసింది. దాని వంపు మీద గోరు దిగేంత లోతున ఒక గీత ఉంది. పక్కన సన్నటి గీతలు చాలా ఉన్నాయి.

"రాగితో గీసినాను, పడనేదు. ఇత్తడీ అంతే. ఇనుముతో గీస్తే ఇదిగో, ఇంతే పడింది. నీ ఉక్కుతో గీసి సూడు."

అడకత్తెర మొనతో బలమంతా పెట్టి గీశాను. వెంట్రుకంత గీత పడింది.

"ఇదీ కాదు," అంది మెల్లగా. "తొలి పురుట్లో ఈ కొడవలి తలగడ కింద ఎట్టుకున్నాను. ఇనుముంటే ఏటీ దరికి రాదంటారు కదా. తెల్లారి లేసి సూస్తే బిడ్డకి ఊపిరి నేదు. కొడవలికి ఈ పెద్ద గీత ఉంది. ఇనుముని ఇంత లోతున గీసిందేటో తెలిస్తే, ఈసారి దానికన్నా గట్టిది ఎట్టుకుంటాను."

ఇంతలో మరో బండి వచ్చి ఆగింది. ఆమె కొడవలి పట్టుకుని ఆ బండివాడి దగ్గరికి నడిచింది.

మా ఇంట్లోనూ బాలింత తలగడ కింద కత్తి పెట్టడం ఉంది. తెల్లారగానే అందరూ బిడ్డను చూస్తారు. నేను ముందు కత్తిని తిప్పి చూస్తాను.